విడిపోయాక కూడా వెంటపడుతుంటే: ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఎలా

రెండేళ్ళ కింద ఒక అమ్మాయి మా ఆఫీసుకొచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి పాలిథిన్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల వాడిపోయి నల్లబడిన మల్లెపూల దండ. "మేడం, ఇది నిన్న మా చెప్పుల స్టాండు మీద ఉంది" అంది. వెంట వచ్చిన అన్న అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. "పూలే కదా మేడం. కొట్టలేదు, తిట్టలేదు. దీనికి కేసేంటని నేనంటున్నా" అన్నాడు.

ఒక్కొక్కటే అడుగుతూ పోతే సంగతి బయటపడింది. భర్త నుంచి విడిపోయి ఏడు నెలలయింది. మొదటిసారి పూలు పెట్టింది ఆమె పనిచేసే చోట, స్కూటీ సీటు మీద. నెల తర్వాత అపార్ట్‌మెంటు గేటుకు కట్టి వెళ్ళాడు. ఇప్పుడు మూడో అంతస్తులో, తలుపు పక్కన. కొత్త ఇంటి అడ్రసు ఆమె అతనికి చెప్పలేదు. అతను ఎప్పుడు వచ్చాడో, ఎటు నుంచి ఎక్కాడో వాచ్‌మన్‌కు తెలియదు. మూడుసార్లూ అవే మల్లెపూలు, అదే దారంతో కట్టినవి. కానీ ప్రతిసారీ ఆ మనిషి తలుపుకు ఇంకొంచెం దగ్గరగా వచ్చాడు. ఆ మాట చెప్పాక అన్న ముఖంలో రంగు మారింది.

నేను ఖమ్మంలో పదహారేళ్ళుగా కుటుంబ కేసులు చూస్తున్న వకీలుని. ఇక్కడ చెప్పేవన్నీ నా దగ్గరికి వచ్చినవాళ్ళ అనుభవాలే. వాళ్ళని ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్ళూ వివరాలూ మార్చాను. మాజీ భర్త కావచ్చు, కలిసి ఉన్న మనిషి కావచ్చు, ప్రేమించి వద్దనుకున్న అబ్బాయి కావచ్చు. విడిపోయిన తర్వాత వెంటపడటం మొదలుపెడితే, అది విసిగించి ఊరుకునే రకమా, ప్రాణం మీదికి వచ్చే రకమా అని ఎలా తెలుసుకోవాలో రాస్తున్నాను. అమ్మాయిలే కాదు, వాళ్ళ అమ్మానాన్నలు, అన్నదమ్ములు కూడా చదవాలి. ఎందుకంటే "పోనీలే, వాడే ఊరుకుంటాడు" అనే మాట ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నోటే వింటున్నాను.

ఒక లెక్క చెప్తాను. భర్తల చేతిలో, ప్రియుల చేతిలో, విడిపోయినవాళ్ళ చేతిలో హత్యకు గురైన స్త్రీల గురించి అమెరికాలో 1999లో ఒక పరిశోధన వచ్చింది. చనిపోవడానికి ముందు ఏడాదిలో వాళ్ళలో నూటికి 76 మందిని అతను వెంబడించాడు. బ్రిటన్‌లో 2017లో 358 హత్యలను పరిశీలిస్తే, నూటికి 94 కేసుల్లో ముందుగా వెంబడింపు కనబడింది. వెంటపడిన ప్రతివాడూ చంపుతాడని దీనర్థం కాదు. చాలామంది కొన్నాళ్ళకు ఆగిపోతారు. అయితే చంపినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు కనిపించేలా వెంటపడ్డారు. గుర్తులు ఉన్నాయి, అవి చూసే కన్ను కావాలి.

మొదట వెనక్కి చూడండి

ఇప్పుడు ఎన్ని ఫోన్లు చేస్తున్నాడన్నది నేను తర్వాత అడుగుతాను. కలిసున్నప్పుడు ఎలా ఉండేవాడన్నది ముందు అడుగుతాను. ఫోన్ లాక్కుని చూసేవాడా? జీతం కార్డు తన దగ్గరే పెట్టుకునేవాడా? పుట్టింటికి వెళ్తే గంటకోసారి వీడియో కాల్ చేయించి గదంతా చూపించమనేవాడా? ఆమె ప్రతి అడుగూ తన చేతిలో ఉండాలనుకున్న మనిషికి, ఆమె వెళ్ళిపోవడమంటే పెళ్ళి పోవడం ఒక్కటే కాదు, పట్టు కూడా పోవడం. అలాంటి మనిషి విడిపోయిన తర్వాతే ఎక్కువ ప్రమాదం. "ఇంట్లోంచి బయటపడ్డాం కదా, గండం గడిచింది" అనుకునే సమయంలోనే అసలు గండం మొదలవుతుంది.

ఇక రెండో ప్రశ్న. ఇది అడిగేటప్పుడు నేను తలుపు వేసి, వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోబెడతాను. "ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా అమ్మా?"

కొట్టాడా అని అడిగితే చెప్తారు. గొంతు సంగతి మాత్రం అడిగితే తప్ప చెప్పరు. ఒకావిడ "కొట్టలేదు మేడం, ఊరికే గొంతు పట్టుకుని గోడకి ఆనించాడు, రెండు నిమిషాల్లో వదిలేశాడు" అంది. ఊరికే! దెబ్బ కనపడలేదు కాబట్టి ఆమె దాన్ని లెక్కలోనే వేసుకోలేదు. 2008లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన ప్రకారం, అంతకుముందు గొంతు నులిమిన చరిత్ర ఉంటే, ఆ స్త్రీ అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లు పైనే. ఒక్కసారి జరిగినా సరే, ఎంతకాలం కింద జరిగినా సరే, మీ కథలో గొంతు పట్టుకోవడం ఉందంటే మిగతా గుర్తులన్నిటినీ రెట్టింపు బరువుతో చూడండి. పోలీసులకు, వకీలుకు మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే. ఈమధ్యే జరిగి ఉంటే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ఎమ్మెల్సీ, అంటే దెబ్బల గురించి కోర్టుకు పనికొచ్చేలా డాక్టరు రాసే మెడికో లీగల్ కాగితం, రాయించుకోండి. మెడ మీద మచ్చ లేకపోయినా లోపల దెబ్బ ఉండొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్ళలో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, తెలియకుండా ఒంటేలు పోవడం, ఇవన్నీ డాక్టరుకు చెప్పండి. రెండు రోజుల తర్వాత కూడా ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు ఏం మారిందో చూడండి

రోజుకు నలభై ఫోన్లు ఆరు నెలలుగా వస్తున్నాయంటే అది నరకమే, నేరమే. కానీ నాకు ఎక్కువ భయం వేసేది తీరు మారినప్పుడు. ఫోన్ల నుంచి మనిషి రావడానికి, వీధి చివర నుంచి గేటుకు, గేటు నుంచి మెట్లకు, బతిమాలడం నుంచి బెదిరించడానికి. అంతకంటే ముఖ్యంగా బెదిరింపుల నుంచి మౌనానికి.

ఆ మౌనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక తల్లి నా దగ్గరికి స్వీటు డబ్బా తెచ్చింది. "పదిహేను రోజులైంది మేడం, ఒక్క ఫోన్ లేదు, మారిపోయాడు" అని. నేను స్వీటు తీసుకోకుండా అడిగాను, అతను ఇప్పుడు ఏం చేస్తున్నాడో తెలుసా అని. వాకబు చేస్తే తెలిసింది: ఉద్యోగం మానేశాడు, బైకు అమ్మేశాడు, అప్పు ఉన్న స్నేహితుడికి డబ్బు కట్టేశాడు, వాట్సాప్ డీపీ తీసేసి నల్లటి బొమ్మ పెట్టాడు. ఆశ ఉన్న మనిషి బతిమాలతాడు, తిడతాడు, బేరం పెడతాడు. లెక్కలన్నీ సర్దుకుంటున్న మనిషి ఏదో నిర్ణయించుకున్నాడని అర్థం. ఆ అమ్మాయిని ఆ రాత్రే వేరే ఊరికి పంపించాం. తర్వాత అతని గదిలో ఏం దొరికిందో ఇక్కడ రాయను. పంపించడం మంచిదైంది.

"చచ్చిపోతా" అనే మాట కూడా అలాంటిదే. మనవాళ్ళు దాన్ని ప్రేమకు కొలతగా చూస్తారు, జాలిపడతారు. నేను మాత్రం దాన్ని ఆమె ప్రాణానికి ప్రమాద సూచనగానే రాసుకుంటాను. తన ప్రాణం మీదే లెక్క లేనివాడిని కేసు, జైలు, పరువు ఏవీ ఆపలేవు. "నేను చస్తే నువ్వు సుఖంగా ఉంటావనుకుంటున్నావా", "నాకు దక్కనిది ఎవరికీ దక్కదు", "పిల్లాడు కూడా నాతోనే" అన్న మాటలు తోడైతే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు, ఆ రోజే కదలాలి. అతని ఆత్మహత్య మాట నిజమేమోనని భయమైతే అత్యవసర నంబరు 112కు చెప్పండి, అతని అన్నకో నాన్నకో చెప్పండి. మీరు మాత్రం వెళ్ళకండి.

"ఒక్కసారి, చివరిసారి కలుద్దాం." ఈ మాట నేను విన్న చెడ్డ కేసుల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ ఉంది. నగలు ఇచ్చేస్తానంటాడు, సర్టిఫికెట్లు తీసుకెళ్ళమంటాడు, ఫోటోలు మీ కళ్ళ ముందే డిలీట్ చేస్తానంటాడు, సంతకం పెడతానంటాడు. చోటు మాత్రం అతనే చెప్తాడు: పాత ఇల్లు, ఊరి బయట గుడి, కారులో. వెళ్ళొద్దు. వస్తువులు వకీలు ఆఫీసులో ఇవ్వొచ్చు, కొరియర్ చేయొచ్చు, పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పొచ్చు. పదో తరగతి మెమో డూప్లికేటు తెచ్చుకోవచ్చు. ఇక్కడ పెద్దమనుషులకు ఒక మనవి: పంచాయితీ పేరుతో ఆమెను అతని ఎదురుగా కూర్చోబెట్టకండి. మీ ముందు తల వంచుకున్నవాడు బయట సందులో కాపు కాసిన సంగతి నాకు తెలుసు.

మన దగ్గర తుపాకులు అరుదు. నేను చూసిన కాగితాల్లో ఉండేవి కత్తి, సీసాలో పెట్రోలు, యాసిడ్. అతని డిక్కీలో కత్తి ఉందని ఎవరైనా చూసి చెప్పినా, స్టేటస్‌లో కత్తి బొమ్మ పెట్టినా, "నీ ముఖం ఎవరూ చూడలేరు" లాంటి మాట అన్నా దాన్ని మిగతా తిట్లతో కలిపేయకండి. అది వేరే వరుస. స్కూటీ తగలబెట్టడం, పెంపుడు కుక్కకు విషం పెట్టడం, ఆమె బట్టలు కోసి పంపడం, ఇవి వస్తువుల మీద కోపంలా కనబడతాయి. నేను వాటిని మనిషి మీదికి రావడానికి ముందు మెట్టుగా చూస్తాను.

ఇంకొకటి. స్టేషన్‌లో కాగితం రాసిచ్చాక, తహసీల్దారు ముందు బైండోవర్ చేశాక (మళ్ళీ గొడవ చేయనని పూచీకత్తు రాయించాక), కోర్టు ఉత్తర్వు వచ్చాక కూడా మళ్ళీ వచ్చాడంటే, "వీడింతే" అని తీసిపారేయకండి. వ్యవస్థ చెప్పిన మాటకు భయపడని మనిషని అతనే నిరూపించుకున్నాడు.

మీ భయాన్ని మీరు నమ్మండి. "ఎందుకో ఈసారి తేడాగా ఉంది మేడం" అన్నవాళ్ళ మాట తప్పడం నేను తక్కువగా చూశాను. దీని తిరగేసింది మాత్రం నిజం కాదు. భయం వేయట్లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవద్దు. భాగస్వామి చేతిలో హత్యాయత్నం నుంచి బతికి బయటపడ్డ స్త్రీలను అడిగితే, దాదాపు సగం మంది అతను అంతకు తెగిస్తాడని అస్సలు ఊహించలేదన్నారు. ఏళ్ళ తరబడి ఆ మనిషితో సర్దుకుపోయిన అలవాటు కళ్ళకు అడ్డం పడుతుంది.

కొన్ని తేదీలకు ముందే సిద్ధపడాలి

విడాకుల నోటీసు అతని చేతికి అందిన రోజు. కోర్టు వాయిదా రోజు, ముఖ్యంగా తీర్పు వచ్చిన రోజు. పోలీసులు పిలిచి కౌన్సెలింగ్ చేసిన సాయంత్రం. మీకు సంబంధం కుదిరిందనో, ఎవరితోనో కనబడ్డారనో అతనికి తెలిసిన రోజు. పెళ్ళి రోజు, పిల్లల పుట్టినరోజు. అతని ఉద్యోగం పోయిన వారం. నోటీసు ఎప్పుడు అందుతుందో మీ వకీలును అడిగి తెలుసుకోండి. స్పీడ్ పోస్టు అయితే ట్రాకింగ్‌లో తేదీ కనబడుతుంది. ఆ మూడు నాలుగు రోజులు ఉండే చోటు మార్చుకోవచ్చు, ఆఫీసుకు వెళ్ళే టైమూ దారీ మార్చుకోవచ్చు. పిల్లల్ని చూపించమని కోర్టు చెప్తే ఇంటి దగ్గర వద్దు, కోర్టు ఆవరణలోనో ఇంకేదైనా నలుగురుండే చోటనో కావాలని మెమో వేయించండి.

అతనికి ఎలా తెలుస్తోంది?

ఎక్కడికెళ్ళినా ముందే తెలిసిపోతుంటే, అది మంత్రం కాదు, ఎక్కడో సందు ఉంది. మా మల్లెపూల అమ్మాయి విషయంలో ఆ సందు పాప స్కూలు యాప్. కలిసున్నప్పుడు స్కూలుకు ఇద్దరి నంబర్లూ ఇచ్చారు. స్కూలు బస్సు ఎక్కడ ఆగుతోందో యాప్‌లో బస్సు బొమ్మ కదులుతూ చూపిస్తుంది. బస్సు ఆగిన సందులోకి వచ్చి, స్కూటీని గుర్తుపట్టి ఇల్లు కనిపెట్టాడు.

కాబట్టి కూర్చుని ఒక్కొక్కటే చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్. గూగుల్ ఖాతాలో మీ డివైసుల జాబితా. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్. తిండి తెప్పించుకునే యాపు, క్యాబ్ యాపు ఇద్దరికీ ఒకే ఖాతా అయితే కొత్త అడ్రసు అందులో పడుతుంది. కారు అతని పేరు మీద ఉంటే ఫాస్టాగ్ మెసేజి అతనికే వెళ్తుంది, ఏ టోల్‌గేట్ ఎన్నింటికి దాటారో సహా. సిమ్ అతని పేరు మీద ఉంటే డూప్లికేటు తీసుకుని మీ ఓటీపీలన్నీ చూడగలడు, అందుకే మీ పేరుతో కొత్త సిమ్ తీసుకుని బ్యాంకుకు, ఆధార్‌కు ఆ నంబరు మార్పించండి. మీ పేరు మీద మీకు తెలియని సిమ్‌లు ఉన్నాయేమో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. స్కూటీ సీటు కింద, బ్యాగు అడుగున, పాప బొమ్మలో నాణెం అంత ట్రాకర్ దాచొచ్చు. ఇప్పటి ఫోన్లలో తెలియని ట్రాకర్ వెంట ఉంటే హెచ్చరించే సదుపాయం ఉంది, సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఒక జాగ్రత్త. ఫోన్‌లో నిఘా యాప్ ఉందని అనుమానమైతే ఆ ఫోన్‌లో సహాయం వెతకకండి, వేరేవాళ్ళ ఫోన్ వాడండి. అన్ని సందులూ ఒకే రోజు మూసేస్తే అతనికి తెలిసిపోతుంది, కోపం పెరుగుతుంది. అందుకని ముందు మీరు ఎక్కడ ఉంటారో, ఎవరికి చెప్తారో తేల్చుకుని, ఆ తర్వాత మూయండి.

బ్లాక్ చేస్తే యూపీఐలో రూపాయి పంపి, ఆ రూపాయితో పాటు మెసేజి పెట్టేవాళ్ళు ఉన్నారు. "బాల్కనీలో పచ్చ చీర బాగుంది" అని ఒక రూపాయితో వచ్చింది ఒకామెకు. ఇది ఒక్కటి చాలు, అతను ఇల్లు చూస్తున్నాడనడానికి. అందులో కూడా బ్లాక్ చేయొచ్చు, కానీ ముందు స్క్రీన్‌షాట్ తీయండి. ఆ లావాదేవీ నంబరు, టైము, అతని పేరు బ్యాంకు రికార్డులో ఉంటాయి. అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

నోటుబుక్కు

ఇక నేను ప్రతివాళ్ళతోనూ చేయించే పని. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొనిపిస్తాను. అయిదు గడులు గీయమంటాను: తేదీ టైము, ఏం జరిగింది, ఎవరు చూశారు, సాక్ష్యం ఎక్కడుంది, ఇదివరకు లేనిది ఏముంది. ఆ అయిదో గడి కోసమే ఈ పుస్తకమంతా.

మల్లెపూల అమ్మాయి పుస్తకంలో మొదటి పేజీ, అంతకుముందు వారాన్ని గుర్తుచేసుకుని రాసింది, ఇలా ఉంటుంది. ఏడో తేదీ ఉదయం 9.10, పాత నంబరు నుంచి పదకొండు మిస్డ్ కాల్స్, కొత్తది ఏమీ లేదు. తొమ్మిదో తేదీ, ఆఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు, సెక్యూరిటీ గార్డు చూశాడు, కొత్తది: ఇంతకుముందు బైకు దిగేవాడు కాదు. పన్నెండున, మా మేనత్తగారింటికి ఫోన్ చేసి ఏడ్చాడట, కొత్తది: మొదటిసారి చచ్చిపోతానన్నాడు. పదమూడున ఏమీ లేదు. పద్నాలుగున, చెప్పుల స్టాండు మీద పూలు, వాచ్‌మన్ చూడలేదు, ఫోటో ఉంది, కొత్తది: లోపలికి వచ్చాడు.

వారం రోజుల్లో అయిదో గడిలో మూడు రాతలు. విడివిడిగా చెప్తే "టీ తాగడానికొచ్చాడేమో", "బాధలో అన్నాడేమో" అని ప్రతిదానికీ ఒక సర్దుబాటు దొరుకుతుంది. పేజీ మీద వరసగా చూస్తే ఎస్సైకి కూడా వాదించడానికి ఏమీ మిగల్లేదు. అయిదో గడి వారంలో రెండుసార్లు నిండిందంటే నాకు ఫోన్ చేయమని చెప్తాను. గొంతు, ఆయుధం, చావు మాట, లెక్కలు సర్దుకోవడం, కోర్టు ఆజ్ఞ దాటడం వీటిలో ఏ ఒక్కటి అందులో పడినా వారం ఆగొద్దంటాను.

మెసేజీలు అసహ్యంగా ఉన్నాయని డిలీట్ చేయకండి. నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపండి, పాత ఫోన్ పారేయకుండా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెటు కావాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలిక.

కేసు, ఆ రాత్రి

మొదట అతనికి ఒక్కటంటే ఒక్క మెసేజి పంపండి: "మీతో నాకు ఎలాంటి సంబంధమూ ఇష్టం లేదు. ఫోన్, మెసేజి చేయవద్దు. నా దగ్గరికి రావద్దు." తిట్లు వద్దు, కారణాలు వద్దు, "దయచేసి" కూడా వద్దు. చట్టం ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడటాన్ని నేరమంటుంది, ఈ మెసేజి దానికి పునాది. తర్వాత జవాబు ఇవ్వొద్దు. ముప్పై తొమ్మిది ఫోన్లు వదిలేసి నలభయ్యోది ఎత్తి తిట్టినా, నలభైసార్లు చేస్తే ఎత్తుతుందని అతను నేర్చుకుంటాడు. అయితే ఈ మెసేజి పంపితే ఇంకా రెచ్చిపోతాడని మీకు అనిపిస్తే, ముందు భద్రమైన చోటు చూసుకున్నాకే పంపండి.

ఇలా వెంటపడటాన్ని నేరమనేది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. పాత ఐపీసీలో 354డి, 2013లో చేర్చారు. మీ మెయిలు, ఇంటర్నెట్ మీద నిఘా పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. మొదటి నేరానికి మూడేళ్ళ వరకు శిక్ష, మళ్ళీ శిక్ష పడితే అయిదేళ్ళ వరకు. చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, మొదటి నేరం బెయిలబుల్. అంటే ఉదయం కేసు పెడితే సాయంత్రానికి అతను బయట ఉండొచ్చు, అదీ కోపంతో. కేసు పెట్టొద్దని కాదు నా మాట. కేసు పెట్టే రోజు రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారో ఉదయమే తేల్చుకోమంటున్నాను. చంపుతానని బెదిరిస్తే 351వ సెక్షన్ కూడా వేయమని అడగండి. కత్తి, గొంతు, యాసిడ్ మాట ఉంటే కంప్లయింటు మొదటి పేరాలోనే రాయండి, మూడో పేజీ దాకా దాచుకోకండి.

జరిగింది ఎక్కడైనా, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు. పెళ్ళయినవాళ్ళూ, పెళ్ళి లేకపోయినా పెళ్ళిలాంటి బంధంలో ఒకే ఇంట్లో కలిసి ఉన్నవాళ్ళూ 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. మీ ఆఫీసుకు రాకూడదని, ఫోన్ కూడా చేయకూడదని కోర్టు చెప్పగలదు, అవసరమైతే అతన్ని వినకముందే. ఆ ఉత్తర్వు మీరితే అది నాన్‌బెయిలబుల్, అందుకే నేను 78తో పాటు ఇది కూడా వేస్తాను. వకీలు ఫీజు లేదని ఆగకండి. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి. ఉండటానికి చోటు లేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181, జిల్లా సఖి కేంద్రంలో అయిదు రోజుల వరకు ఉండనిస్తారు. తెలంగాణలో ఆడవాళ్ళను వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఉన్నాయి. ఫోటోలు నెట్‌లో పెడతానని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930. తలుపు దగ్గర మనిషి ఉంటే మాత్రం ఇవేవీ కాదు, 112.

అమెరికాలోనో మరోచోటో ఉన్న మన పిల్లలకు ఒక మాట. వీసా అతని మీద ఆధారపడి ఉందని ఆగకండి. అమెరికాలో రక్షణ ఉత్తర్వు అడగడానికి వీసా స్థితి అడ్డం కాదు. అక్కడ మిమ్మల్ని అందుకోలేక ఇక్కడ మీ అమ్మానాన్నల గుమ్మం ముందు నిలబడితే, వాళ్ళు ఇక్కడి స్టేషన్‌లో విడిగా కంప్లయింటు ఇవ్వొచ్చు.

మల్లెపూల అమ్మాయికి ఆ వారంలో చేసినవి ఇవి. స్కూలు యాప్‌లో అతని నంబరు తీయించాం, పాపను ఎవరికి అప్పజెప్పాలో ప్రిన్సిపాల్‌కు కాగితం ఇచ్చాం. అతని ఫోటో వాచ్‌మన్‌కు, ఆఫీసు గార్డుకు, కింది ఇంటి పిన్నిగారికి ఇచ్చాం. సిగ్గుపడి మొదట ఒప్పుకోలేదు, "అందరికీ తెలిసిపోతుంది మేడం" అంది. అందరికీ తెలియడమే కావాలన్నాను. పిన్నిగారితో ఒక మాట అనుకున్నారు: "పిన్నీ, ఇడ్లీ రవ్వ ఉందా" అని ఫోన్ వస్తే 112కు చేసెయ్యాలని. సర్టిఫికెట్లు, పాప పుట్టిన తేదీ కాగితం, మందులు, కొంత నగదు, ఒక చార్జరు ఉన్న బ్యాగు పిన్నిగారి అటక మీద పెట్టింది. నోటుబుక్కు పేజీలు ప్రతి ఆదివారం ఫోటో తీసి నాకూ, అన్నకూ పంపేది. ఇరవై రెండో రోజు రాత్రి పదకొండుంబావుకు పిన్నిగారికి ఇడ్లీ రవ్వ ఫోన్ వచ్చింది. పోలీసులు వచ్చేసరికి అతను రెండో అంతస్తు మెట్ల మీద ఉన్నాడు, చేతిలో సీసాతో.

ఆ అన్నే ఇప్పుడు ఇలాంటి అమ్మాయిలెవరైనా మా ఆఫీసుకొస్తే, కింద కిరాణా కొట్టుకెళ్ళి నోటుబుక్కు కొని తెచ్చి గడులు గీసి ఇస్తున్నాడు.